ఎడారి తోటకు ఐదు రుతువులు ఎందుకు?

బెంగళూరు తెలుగువాళ్లకు అమెరికాలోని అరిజోనా రాష్ట్రం తెలియని చోటేమీ కాదు. కొడుకో కూతురో టెంపీలో చదువుకుంటూనో, చాండ్లర్‌లో చిప్ కంపెనీలో పనిచేస్తూనో ఉంటారు. అమ్మానాన్నలు ఇక్కడి వేసవి సెలవులు చూసుకుని మే, జూన్‌లలో విమానం ఎక్కుతారు. గ్రాండ్ కాన్యన్ చూపించాక పిల్లలు తీసుకెళ్లే చోట్లలో ఫీనిక్స్‌లోని డెజర్ట్ బొటానికల్ గార్డెన్ ఒకటి. తిరిగొచ్చినవాళ్లలో చాలామంది ఒకే మాట అంటారు: ‘ఎడారిలో తోటేమిటి, ఎప్పుడు వెళ్లినా అవే ముళ్లు, అదే ఎండ’ అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. ఆ తోటలో ఏ రెండు నెలలూ ఒకలా ఉండవు. మన పంచాంగంలో ఆరు రుతువులుంటే, ఆ ఎడారికి అక్కడి ప్రకృతి శాస్త్రజ్ఞులు ఐదు లెక్కపెడతారు. అవి ఎలా ఏర్పడ్డాయో తెలిస్తే ఆ తోట ఎప్పుడు చూడాలో తెలుస్తుంది. మన బాల్కనీలో కాక్టస్ ఎందుకు కుళ్లిపోతుందో కూడా అర్థమవుతుంది.

ముందు తోట గురించి కొంచెం. 1930ల్లో గుస్తాఫ్ స్టార్క్ అనే స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు, పెరుగుతున్న ఫీనిక్స్ నగరం చుట్టూ ఉన్న ఎడారిని మింగేస్తుందేమోనని మనసు పెట్టి ఆలోచించాడు. గెర్ట్రూడ్ వెబ్‌స్టర్ అనే సంపన్నురాలు తోడయింది. పాపగో పార్కు ఎర్రరాతి గుట్టల మధ్య 1939లో తోట తెరిచారు. ఇప్పుడది 140 ఎకరాలు. మొక్కలు 50 వేలకు పైనే. మన లాల్‌బాగ్ 240 ఎకరాలు కాబట్టి విస్తీర్ణం ఊహించుకోవచ్చు.

ఇక వాన. ఫీనిక్స్‌లో ఏడాది మొత్తానికి పడేది దాదాపు 180 మిల్లీమీటర్లు. మనం కరవుసీమ అనుకునే అనంతపురంలో దానికి మూడు రెట్లు, సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుంది. బెంగళూరులో వెయ్యికి దగ్గర. చెన్నైలో 1400. ఇంత తక్కువ వానతో ఆ ఎడారి అంత పచ్చగా ఎలా ఉంటుంది? 12 మీటర్ల ఎత్తు కాక్టస్‌లు, పూలతో విరగబూసే చెట్లు, లతలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఎంత పడుతుందని మాత్రమే అడిగితే జవాబు దొరకదు. ఎప్పుడెప్పుడు పడుతుందని అడగాలి.

ఫీనిక్స్ చుట్టూ ఉన్నది సొనోరన్ ఎడారి. దాని పడమర, ఉత్తరాల్లో మొహావీ ఎడారి ఉంది. అక్కడ వాన ఎక్కువగా చలికాలంలోనే. తూర్పున చివావాన్ ఎడారి ఉంది. అక్కడ వాన ఎక్కువగా వేసవిలోనే. నడుమ ఉన్న సొనోరన్‌కు రెండూ అందుతాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా పసిఫిక్ సముద్రం నుంచి వచ్చే తుపాను మబ్బులు చల్లని ముసురు వాన కురిపిస్తాయి. గంటల తరబడి సన్నగా పడి నేలలోకి ఇంకే వాన అది. తర్వాత నెలల తరబడి చుక్క పడదు. జూన్‌లో వాన దాదాపు సున్నా. ఆ నెలల్లో నేల బాగా కాగి గాలి దిశ మారుతుంది. కాలిఫోర్నియా సింధుశాఖ, మెక్సికో వైపుల నుంచి తేమ ఎగబాకుతుంది. జూలై నుంచి సాయంత్రాలు ఉరుములతో కుండపోత వానలు మొదలవుతాయి. వాటికి ముందు ఆకాశమంత ఎత్తున దుమ్ము గోడ లేచి ఊరి మీదికి రావడం కూడా ఉంటుంది. ఈ వానలను అక్కడివాళ్లూ మాన్‌సూన్ అనే అంటారు. అధికారికంగా జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా దాని కాలం. నేల కాగడం, గాలి తిరగడం, తేమ రావడం: మన నైరుతి రుతుపవనాల వెనుక ఉన్న కారణమే అక్కడ చిన్న ఎత్తున పనిచేస్తుంది.

రెండు వానకాలాలు, వాటి మధ్య ఎండుకాలాలు కలిపి ఐదు రుతువులు: చలివాన కాలం, వసంతం, ఎండు వేసవి, వానల వేసవి, శరత్తు. వీటిలో ఎండు వేసవి మనకు బాగా అర్థమవుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం. అక్కడి మే, జూన్‌లు రెండు నెలల పాటు సాగే రోహిణి కార్తె.

వసంతంలో, అంటే ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా, నేల మీద పసుపు, నారింజ రంగు పాపీలు, ఊదారంగు లూపిన్లు పరుచుకుంటాయి. కొన్నేళ్లు పరుచుకుంటాయి, కొన్నేళ్లు దాదాపు కనబడవు. ఎందుకంటే వాటి గింజల పైపొరలో మొలకను ఆపే రసాయనాలుంటాయి. సెప్టెంబరు, డిసెంబరు మధ్య ఒక మంచి వాన, సుమారు 25 మిల్లీమీటర్లు, ఒక్కసారిగా పడితేనే అవి కడుక్కుపోతాయి. చిన్న జల్లుకు మోసపోయి మొలిస్తే వారంలో ఎండి చస్తాయి కాబట్టి గింజ ఆ జల్లును నమ్మదు. ఏళ్ల తరబడి మట్టిలోనే ఉంటుంది. అంటే మార్చిలో పూలు చూడాలనుకునేవాళ్లు ముందటి అక్టోబరు, నవంబరుల వాన గురించి వాకబు చేయాలి. పర్యాటకుల కోసం రాసే పుస్తకాల్లో ఈ సంగతి తరచూ ఉండదు. అందుకే చాలామంది నిరాశపడి తిరిగొస్తారు.

ఆ తర్వాత ఏప్రిల్‌లో పాలో వెర్డే చెట్లు పసుపుపచ్చ పూలతో నిండిపోతాయి. ఈ చెట్టు బెరడు ఆకుపచ్చ. ఎండు నెలల్లో చిన్న ఆకులు కూడా రాల్చేసి, బెరడుతోనే ఆహారం తయారుచేసుకుంటుంది. ఒకొటియో అనే మరో మొక్క ముళ్ల కట్టెల కట్టలా మోడుగా ఉంటుంది. వాన పడ్డ కొద్ది రోజుల్లోనే నిండా ఆకులు వేస్తుంది, నేల ఆరగానే రాల్చేస్తుంది. ఏడాదిలో ఎన్ని మంచి వానలు పడితే అన్నిసార్లు చిగురిస్తుంది.

రాత్రి పని చేసే మొక్కలు

ఎడారి మొక్కకు వానతో పాటు ఇంకో కొలమానం ఉంది. అది రాత్రి. దీన్ని అర్థం చేసుకోవడానికి అమెరికా వెళ్లనక్కర్లేదు. మన పెరట్లో ఉండే రణపాల చాలు.

మామూలు మొక్క పగలు పత్రరంధ్రాలు తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని, ఎండ సాయంతో ఆహారం వండుకుంటుంది. తెరిచిన రంధ్రాల్లోంచి నీరు ఆవిరైపోతుంది. మన వరికి, మామిడికి అది భరించగలిగే నష్టమే. 43 డిగ్రీల పొడి గాలిలో నిలబడ్డ కాక్టస్‌కు అది చావు. అందుకని కాక్టస్ పగలంతా రంధ్రాలు మూసుకుంటుంది. చీకటి పడి గాలి చల్లబడ్డాక తెరుస్తుంది. పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ను రాత్రంతా మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లో దాచుకుంటుంది. తెల్లారాక తలుపులు మూసేసి, దాచుకున్న ఆమ్లం నుంచి వాయువును విడుదల చేసి, వెలుతురుతో కిరణజన్య సంయోగక్రియ కానిస్తుంది. రణపాల ఎడారి మొక్క కాకపోయినా ఇదే పద్ధతి పాటిస్తుంది. తెల్లవారుజామున దాని ఆకు చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని ఉమ్మేయండి. పుల్లగా ఉంటుంది. సాయంత్రం అదే మొక్క ఆకు రుచి చూడండి. పులుపు పోయి ఉంటుంది.

ఈ రుచి తేడాను మొట్టమొదట శాస్త్రలోకానికి రాసినవాడు మన తెలుగునేలకూ బెంగళూరుకూ కూడా చెందినవాడు. బెంజమిన్ హైన్ ఈస్టిండియా కంపెనీలో వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు. సామర్లకోటలో కంపెనీ పెంచిన తోట బాధ్యత చూశాడు. టిప్పు సుల్తాన్ పతనం తర్వాత లాల్‌బాగ్ అతని చేతికి వచ్చింది. రణపాల ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని లండన్‌లోని లిన్నియన్ సొసైటీ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుల సంఘానికి ఉత్తరం రాశాడు. అది 1815లో అచ్చయింది. రాత్రి పీల్చుకునే ఈ పద్ధతిలోని రసాయన దశలు పూర్తిగా తేలింది 20వ శతాబ్దంలో. ఎడారి మొక్కల బతుకు రహస్యానికి తొలి ఆధారాల్లో ఒకటి సామర్లకోటలో, లాల్‌బాగ్‌లో పనిచేసిన మనిషి నాలుక మీద దొరికిందన్న విషయం మన పిల్లల పాఠాల్లో ఉండాలని నా గట్టి కోరిక.

రాత్రి చల్లబడకపోతే ఏమవుతుందో 2023లో ఫీనిక్స్ చూసింది. జూన్ ఆఖరు నుంచి వరసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. అంతకన్నా పెద్ద దెబ్బ రాత్రులది. వరసగా చాలా రాత్రులు వేడి 32 డిగ్రీల కిందికి దిగలేదు. నగరంలోని తారు, కాంక్రీటు పగలు పీల్చిన వేడిని రాత్రంతా వదులుతూనే ఉంటాయి. రాత్రి కూడా సరిగా గాలి పీల్చుకోలేకపోయిన సువారో కాక్టస్‌లు లోపలి నుంచి నీరసించాయి. వానలు మొదలయ్యాక కూడా కొమ్మలు విరిగి పడ్డాయి, కొన్ని మొత్తానికే కూలాయి. 150 ఏళ్లకు పైగా బతికే మొక్క అది. ఎడారి మొక్కకు ఎంత ఎండైనా సరిపోతుందనే నమ్మకం ఆ వేసవితో పోవాలి.

పండు పండే నెల

సువారో గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఆ తోటకు, ఆ ఎడారికి కూడా కేంద్రం అదే. పదేళ్ల వయసులో అది బొటనవేలంత కూడా ఉండదు. పాలో వెర్డే లాంటి చెట్టు నీడలో, దాని ఆసరాతోనే పెరుగుతుంది. మొదటి పువ్వు పూయడానికి దాదాపు 35 ఏళ్లు, పక్కకొమ్మ రావడానికి 50 ఏళ్ల పైన పడుతుంది. వేళ్లు లోతుకు పోవు. పైపైనే తన ఎత్తంత దూరం చుట్టూ పరుచుకుని, పడ్డ వానను వెంటనే తాగేస్తాయి. కాండం నిలువునా మడతలు మడతలుగా ఉంటుంది కాబట్టి నీళ్లు తాగినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు ముడుచుకుంటుంది. జూన్‌లో చూసిన సువారోను ఆగస్టులో చూస్తే లావెక్కినట్టు కంటికే తెలుస్తుంది.

దీని తెల్లని పూలు ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా, అంటే ఏడాదిలో అతి పొడి నెలల్లో పూస్తాయి. ఒక్కో పువ్వు సూర్యాస్తమయం తర్వాత విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికి వాడిపోతుంది. దక్షిణ అరిజోనాలో మెక్సికో నుంచి వలస వచ్చే పొడుగు ముక్కు గబ్బిలాలు రాత్రి వీటి తేనె తాగుతాయి. పొద్దున్నే తెల్లరెక్కల పావురాలు, తేనెటీగలు మిగతా పని చేస్తాయి. ఆ గబ్బిలాన్ని 1988లో అమెరికా ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. సంఖ్య పెరిగి 2018లో ఆ జాబితా నుంచి తీసేశారు. మన ఇళ్లలో బ్రహ్మకమలం అని పిలుచుకుంటూ, పూసిన రాత్రి పక్కింటివాళ్లను కూడా పిలిచి చూపించే మొక్క కూడా కాక్టసే. మెక్సికో అడవుల నుంచి వచ్చింది. రాత్రి ఎగిరే చిమ్మెటల కోసం అది చీకట్లో విచ్చుకుంటుంది. సొనోరన్‌లో కూడా రాత్రి పూసే సన్నని కాక్టస్ ఒకటుంది. ఏడాదంతా ఎండుపుల్లలా పొదల్లో దాగి, వేసవి మొదట్లో ఒక రాత్రి చుట్టుపక్కల మొక్కలన్నీ దాదాపు ఒకేసారి పూస్తాయి.

నీళ్లు లేని కాలంలో పూయడం వింతగా అనిపించవచ్చు. బెంగళూరు రోడ్లను చూడండి. గులాబీ రంగు టబెబుయా చెట్లు జనవరి నుంచి మార్చి మధ్యలో, ఆకులు రాల్చుకున్నాక పూస్తాయి. మోదుగ, బూరుగ కూడా అంతే. వాటి అసలు గురి పువ్వు మీద లేదు, విత్తనం మీద ఉంది. తొలకరికి విత్తనం నేల మీద సిద్ధంగా ఉండాలంటే పువ్వు ఎండాకాలంలోనే పూయాలి. సువారో పండు సరిగ్గా జూన్ చివర, జూలై మొదట్లో ఎర్రగా పగులుతుంది. ఒక్క పండులో దాదాపు రెండు వేల గింజలు. పిట్టలు, చీమలు, నక్కజాతి కొయోటీలు తిని చుట్టూ చల్లుతాయి. వెనకే వాన వస్తుంది.

అక్కడి తోహోనో ఓధమ్ జాతివాళ్లకు ఈ పండు కోతతోనే కొత్త సంవత్సరం. ఎండిన సువారో లోపలి నిలువు కట్టెలనే కట్టి చేసిన పొడుగాటి గడలతో పండ్లు రాలుస్తారు. రసం మరగకాచి పాకం తీస్తారు. పులియబెట్టిన పానీయంతో వానను పిలిచే వేడుక చేసుకుంటారు. మన రైతులు మృగశిర కార్తె కోసం ఎదురుచూసి, ఏరువాక పున్నమికి అరక కట్టే రోజులే అవి.

జూలై తర్వాత తోట ఒక్కసారిగా మారిపోతుంది. క్రియోసోట్ పొదల నుంచి వచ్చే ఘాటైన తడి వాసన ఊరంతా కమ్ముకుంటుంది. నెలల తరబడి భూమిలో నిద్రపోయిన కప్పలు పైకొచ్చి, వాన గుంటలు ఆరేలోపే గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచేస్తాయి. పగలు తిరగడం కష్టం కాబట్టి తోటవాళ్లు వేసవిలో పొద్దున్నే తలుపులు తీస్తారు. కొన్ని రాత్రులు టార్చిలైట్లతో తిరిగే కార్యక్రమం పెడతారు. శరత్తులో వలసపోయే మోనార్క్ సీతాకోకచిలుకలను దగ్గరగా చూపిస్తారు. డిసెంబరులో బాటల పక్క వేల దీపపు సంచులు వెలిగిస్తారు. 1978 నుంచి వస్తున్న ఆనవాయితీ అది. దీపాలు బాగుంటాయి కానీ, నన్నడిగితే మే చివరి వారంలో పొద్దున్నే, తలుపులు తీయగానే సువారో పూల చుట్టూ పావురాలను చూడటమే అన్నిటికంటే మేలు. మన సెలవులకు అది కుదురుతుంది కూడా.

అక్కడి మొక్కలు ఇక్కడ

రెండు వానల లెక్క తెలిశాక మన చుట్టూ ఉన్న కొన్ని మొక్కల కథ కూడా విప్పుకుంటుంది. రాయలసీమ నిండా పాకిన సర్కారు తుమ్మ అమెరికా ఖండాలది. ఫీనిక్స్ తోటలో నీడనిచ్చే మెస్కీట్ చెట్టుకు దగ్గర చుట్టం. 1870ల్లో మద్రాసు అటవీ అధికారులు వంటచెరకు కోసం తెప్పించి కడప జిల్లాలో నాటించారు. వేసవి చివర వాన, తర్వాత సుదీర్ఘ ఎండు: ఆ చెట్టుకు పుట్టింట్లో అలవాటైన కాలక్రమమే ఇక్కడా దొరికింది. పైగా దాని వేళ్లు చాలా లోతుకు పోతాయి. అరిజోనాలో ఒక గని తవ్వకంలో మెస్కీట్ వేరు 50 మీటర్ల కింద కనిపించింది.

నాగజెముడుదీ ఇలాంటి కథే. 1780ల చివర జేమ్స్ ఆండర్సన్ అనే కంపెనీ వైద్యుడు మద్రాసు సైదాపేటలో నాగజెముడు జాతి మొక్కల తోట వేశాడు. వాటి మీద పెరిగే కొచినీల్ పురుగు నుంచి ఎర్ర రంగు తీయాలని. 1795లో ఇక్కడికి చేరిన పురుగు మేలురకం కాదు. రంగు అంతగా రాలేదు కానీ ఒక జాతి జెముడును మాత్రం తినేసింది. కలుపు మొక్కను పురుగుతో అదుపు చేయడంలో ప్రపంచంలో తొలి ఉదాహరణగా దాన్ని చెబుతారు. పొలం కంచెలుగా మొదలై దక్షిణాదిలో లక్షల ఎకరాలు కమ్మేసిన వేరే జాతి నాగజెముడు మాత్రం 1926లో తెచ్చిన మరో కొచినీల్ పురుగుతో గానీ తగ్గలేదు. ఫీనిక్స్ తోటలో జెముడు ఆకుల మీద తెల్లని దూదిలా కనిపించేది ఆ పురుగు చుట్టమే. వేలితో నలిపితే ఎర్ర రంగు అంటుకుంటుంది. (ఆకులంటున్నాను గానీ అవి నిజానికి చదునైన కాండాలు. దాని ఆకులే ముళ్లయ్యాయి.)

ఇక కుండీల విషయం. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. నడివేసవిలోనూ రాత్రి 21, 22 డిగ్రీలకు దిగుతుంది. రాత్రి గాలి పీల్చుకునే మొక్కలకు ఇంతకన్నా ఏం కావాలి? చెన్నైలో మే, జూన్ రాత్రులు 28 డిగ్రీల దగ్గర, ఉక్కపోతతో గడుస్తాయి. అక్కడ చాలా కాక్టస్‌లు వేసవిలో ఎదగడం మానేసి ఊరుకుంటాయి. అప్పుడు నీళ్లు ఎక్కువ పోస్తే వేరు కుళ్లుతుంది. అదే చెన్నైలో అడీనియం మాత్రం విరగబూస్తుంది. అది అరేబియా, తూర్పు ఆఫ్రికాల వేడి రాత్రులకు అలవాటైన మొక్క.

బెంగళూరులో చిక్కు ముసురుతో వస్తుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బు, జల్లు, మళ్లీ మబ్బు. కుండీ మట్టి ఆరదు. మెక్సికో నుంచి వచ్చిన గోళాకారపు కాక్టస్‌లకు వేసవి వాన పరిచయమే కాబట్టి, సగానికి పైగా గరుకు ఇసుక, ఇటుక ముక్కలు కలిపి, వాన నేరుగా పడని అంచున పెడితే అవి బతుకుతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాటికి నీళ్లు దాదాపు ఆపేయాలి. ఆ విశ్రాంతి లేకపోతే మార్చిలో మొగ్గ సరిగా వేయవు. దక్షిణాఫ్రికా పడమటి తీరం నుంచి వచ్చే కోనోఫైటం లాంటి చిన్న రాతి మొక్కలకు ఇదంతా తలకిందులు. వాటి ఊళ్లో వాన చలికాలంలో పడుతుంది. వేసవిలో అవి ఎండిన పొర కప్పుకుని నిద్రపోతాయి. మన జూలై ముసురులో వాటికి నీళ్లు పోశారంటే వారంలో మెత్తబడిపోతాయి. నర్సరీలో రెండూ పక్కపక్కనే, ‘సక్యులెంట్’ అన్న ఒకే చీటీతో, ఒకే ధరకు ఉంటాయి. కొనేముందు శాస్త్రీయ నామం అడగండి. వాళ్లు చెప్పలేకపోతే ఫొటో తీసుకుని వెతకండి. ఏ దేశానిదో, అక్కడ వాన ఏ నెలల్లోనో తెలిస్తే నీళ్ల లెక్క దాదాపు తేలినట్టే.

డిసెంబరు చలికి బెంగళూరులో అడీనియం ఆకులన్నీ రాల్చేస్తుంది. చచ్చిపోయిందనుకుని నీళ్లు ఇంకా ఎక్కువ పోసేవాళ్లున్నారు, పీకి పారేసేవాళ్లున్నారు. మొదలు లావుగా ఉండే దాని కాండాన్ని వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికే ఉంది. ఎండ తగిలేచోట పెట్టి, ఫిబ్రవరి చివర చిగుళ్లు కనబడేదాకా నీళ్లు ఆపండి.